అట్ట లోపలి రాత ఎవరిది?

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు వైవా జరిగే రోజున ఏ ఇంజినీరింగ్ కాలేజీ వరండాలో నిలబడినా ఒకే దృశ్యం. నలుగురేసి విద్యార్థులు ఒక బ్యాచ్. చేతుల్లో బంగారు అక్షరాలు అచ్చొత్తిన గట్టి అట్ట రికార్డు. ఒకడు పీపీటీ బట్టీ పడుతుంటాడు, ఇంకొకడు 'మన టైటిల్ ఏంట్రా?' అని పక్కవాణ్ని అడుగుతుంటాడు. లోపల ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ రికార్డును మధ్యలో ఎక్కడో తెరిచి, ఒక పేరా మీద వేలు పెట్టి 'ఇది నీ మాటల్లో చెప్పు బాబూ' అంటే చాలు, గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. ఇది చాట్‌బాట్లు వచ్చాక పుట్టిన మౌనం అనుకుంటే పొరపాటు. ఇరవై ఏళ్ల కిందటా ఇదే మౌనం. అప్పుడు ఆ పేరా అమీర్‌పేటలో కొన్నది, ఇప్పుడు ఫోన్లో ఊరికే దొరికింది.

అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల ప్రాజెక్టు సెంటర్ల బోర్డులు మనకు కొత్తవి కావు. కోడు, డాక్యుమెంటేషన్, పీపీటీ కలిపి ఒక ప్యాకేజీ. డిగ్రీ కాలేజీలో సీనియర్ రికార్డు చూసి ఎక్కించుకోవడం, అమెరికా వెళ్లేవాడికి స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను కన్సల్టెన్సీలో రాయించుకోవడం కూడా 'మామూలే' అనుకుంటూ వచ్చాం. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చి ఆ సరుకు ధరను దాదాపు సున్నాకు దించింది. ఒకప్పుడు డబ్బున్నవాడు రాయించుకునేవాడు, ఇప్పుడు ఫోనున్న ప్రతివాడూ రాయించుకోగలడు. ఈ మాత్రం సమానత్వం వచ్చేసరికి మనకు ఒక్కసారిగా విలువలు గుర్తొచ్చాయి.

వాడకం ఏ స్థాయికి చేరిందో చెప్పడానికి బ్రిటన్ లెక్క ఒకటి చాలు. అక్కడి ఉన్నత విద్యా విధానాల సంస్థ 2025లో వెయ్యి మందికి పైగా డిగ్రీ విద్యార్థులను అడిగితే, పరీక్షలకు, అసైన్‌మెంట్లకు సంబంధించిన పనుల్లో ఏఐ వాడుతున్నామని 88 శాతం మంది ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 53. నిషేధాల సంగతీ చూశాం. న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు 2023 జనవరిలో చాట్‌జీపీటీని అడ్డుకుని, మే నెలకల్లా వెనక్కి తగ్గాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోలేం గదా. కాబట్టి వాడొచ్చా, వాడకూడదా అన్న చర్చ ముగిసినట్టే. వాడినవాడు ఆ రాతకు పూచీ పడగలడా అన్నది మాత్రం మిగిలింది. దాన్ని తేల్చే పద్ధతి మన దగ్గరే ఉంది, పేరు వైవా. దాన్ని మనం ఏనాడో తద్దినంగా మార్చేశాం.

సాయం ఎక్కడ తిరగబడుతుంది?

2023లో తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థుల మీద పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. సబ్జెక్టు గణితం. ఒక బృందానికి మామూలు పుస్తకాలు, నోట్సులే ఇచ్చారు. రెండో బృందానికి అడిగిందల్లా చెప్పే చాట్‌బాట్ ఇచ్చారు. మూడో బృందానికి ఇచ్చిన చాట్‌బాట్‌ను జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా, ఉపాధ్యాయుల సాయంతో మలిచారు. అభ్యాసం చేస్తున్నంతసేపూ రెండో బృందం మామూలు వాళ్లకన్నా 48 శాతం, మూడో బృందం 127 శాతం మెరుగ్గా లెక్కలు చేసింది. ఆ తర్వాత యంత్రాన్ని పక్కన పెట్టించి పరీక్ష పెట్టారు. అడిగిందల్లా చెప్పించుకున్న రెండో బృందం, అసలు చాట్‌బాట్ ముఖమే చూడని వాళ్లకన్నా 17 శాతం వెనకబడింది. సూచనలతో సరిపెట్టుకున్న మూడో బృందానికి ఆ నష్టం దాదాపుగా లేదు. నన్ను ఆపిన అంశం ఇంకొకటి: వెనకబడ్డవాళ్లకు తాము వెనకబడ్డామని తెలియలేదు. తమకు వచ్చేసిందనే అనుకున్నారు.

అది గణితం, రాత వేరు అనొచ్చు. నిజమే. రాతలో ఈ ప్రమాదం మరింత ఎక్కువని నా అనుమానం. లెక్క తప్పితే తప్పినట్టు తెలుస్తుంది, వ్యాసం తప్పినా నున్నగానే ఉంటుంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2025లో బయటపెట్టిన ఒక పరిశోధన చిన్నది, 54 మందితో చేసింది. తోటి నిపుణుల పరిశీలనకు ముందే వెలువడింది కాబట్టి మరీ బరువు పెట్టకూడదు. కానీ అందులో ఒక సంగతి మన వైవా గదిని చూసి చెప్పినట్టుంది. చాట్‌బాట్‌తో వ్యాసం రాసిన 18 మందిని, ఇప్పుడే రాసిన ఆ వ్యాసంలోంచి ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు చెప్పమంటే 15 మంది చెప్పలేకపోయారు. సొంతంగా రాసినవాళ్లలో ఆ తడబాటు కొద్దిమందిదే.

రాయడమంటే తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమేనని మన బళ్లు నేర్పాయి. రాయడానికి కూర్చున్నాక గదా మనకేం తెలియదో బయటపడేది! మూడో వాక్యం దగ్గర కలం ఆగిపోతుంది, ఎందుకాగిందని చూస్తే, చదివామనుకున్న పుస్తకం సరిగ్గా చదవలేదని తేలుతుంది. మళ్లీ పుస్తకం దగ్గరికి వెళ్తాం. ఆ ఆగడమే చదువు. చాట్‌బాట్ ముందుగా మింగేసేది దాన్నే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గుంటూరు వైపు కౌలు రైతుల మీద ఎంఏ అర్థశాస్త్రం డిసర్టేషన్ రాస్తున్న అమ్మాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియం. నలభై ఇళ్లు తిరిగి లెక్కలు తెచ్చుకుంది. తాను రాసిన ఇంగ్లీషులో వ్యాకరణం సరిచేయమని యంత్రాన్ని అడిగితే నాకు తప్పేమీ కనబడదు. ఒకప్పుడు ఆ పని ఇంగ్లీషు లెక్చరర్ దగ్గరికి వెళ్లి చేయించుకునేవాళ్లం, థీసిస్ ముందు పేజీలో కృతజ్ఞతలు చెప్పేవాళ్లం. గణాంకశాస్త్రంలోని కొరకరాని పదాన్ని తెలుగులో విడమరిచి చెప్పమంటే ఇంకా మంచిది. 'నా వాదనలో లొసుగులేమిటి, ఎగ్జామినర్ ఎక్కడ పట్టుకుంటాడు?' అని అడిగితే అంతకన్నా మంచి వాడకం లేదు. అలాంటి ప్రశ్నకు జవాబు చెప్పే స్నేహితులు మన హాస్టళ్లలో అరుదు.

కథ మలుపు తిరిగేది రెండో అధ్యాయం దగ్గర. 'కౌలు చట్టాల మీద పూర్వ పరిశోధనల సమీక్ష రాసిపెట్టు' అని అడిగిందనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ విషయం మీద రెండు చట్టాలు వచ్చాయి. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డులిచ్చారు, దానికి భూయజమాని సంతకం అక్కర్లేదు. దాన్ని తీసేసి 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంతో సాగుదారు హక్కుల కార్డు ఇస్తుంది, దానికి యజమాని సంతకం కావాలి. కౌలు రైతు గోడంతా ఆ సంతకం దగ్గరే ఉంది. యంత్రం ఈ రెండు చట్టాలనూ కలిపేసి చక్కటి ఇంగ్లీషులో ఒక పేరా ఇస్తే, నలభై ఇళ్లు తిరిగిన ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి 'ఇది తప్పు, ఆ రైతు నాతో చెప్పింది ఇది కాదు' అనగలగాలి. తనే చదివి, తనే తిరిగి ఉంటే అంటుంది. లేకపోతే తప్పు బంగారు అక్షరాల అట్టలోకి వెళ్తుంది. ఇక ఫలితాల అధ్యాయాన్నే యంత్రంతో రాయిస్తే దానికి మర్యాదపూర్వకమైన పేరు వెతకడం దండగ, అది మోసమే.

ఇంకో ముచ్చట, దీన్ని మన గైడ్లు దాదాపు ప్రస్తావించరు. ఆ నలభై మంది రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, అప్పుల వివరాలు ఉన్న ఎక్సెల్ షీటును పట్టికలు చేసిపెట్టమని చాట్‌బాట్‌లోకి ఎక్కిస్తే ఏమిటి సంగతి? 'మీ వివరాలు ఎవరికీ చెప్పం' అని వాళ్ల గడపలో కూర్చుని మాటిచ్చి తెచ్చుకున్న కాగితాలవి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, పేర్లు తీసేసి ఒకటి, రెండు అని అంకెలు వేసుకోవడానికి పట్టేది పది నిమిషాలు.

శాతాల పిచ్చి

మన విశ్వవిద్యాలయాల్లో నిజాయతీకి కొలమానం శాతం. యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. వరసగా పద్నాలుగు మాటల దాకా కలిసే సాధారణ విషయాలను లెక్కలోంచి తీసేయాలని కూడా అందులో ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆచరణలో పరిశోధక విద్యార్థి నేర్చుకున్న విద్య పోలిక తగ్గించడం. కర్తరి వాక్యాన్ని కర్మణి చేయడం, ఒక్కో మాటకూ పర్యాయపదం వేయడం. అర్థం చచ్చినా ఫర్వాలేదు, రిపోర్టులో తొమ్మిది శాతం రావాలి. జిరాక్సు షాపుల్లో 'శాతం తగ్గించబడును' అని చెప్పుకునేదాకా వెళ్లింది ఆ విద్య.

ఇప్పుడా నిబంధనలకు అసలు చిక్కు వచ్చింది. వేరొకరి పనిని, ఆలోచనను తనదిగా చూపించడమే గ్రంథచౌర్యమని వాటి నిర్వచనం. చాట్‌బాట్ 'వేరొకరు' అవుతుందా? పోలికను వెతికే సాఫ్ట్‌వేర్ పాత పాఠాలతో పోల్చి చూస్తుంది. యంత్రమేమో అడిగిన ప్రతిసారీ కొత్తగా అల్లుతుంది. కాబట్టి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా యంత్రం రాసిన థీసిస్‌కు నాలుగు శాతం పోలిక వచ్చి, సొంతంగా రాసుకున్న అమాయకుడికి పద్దెనిమిది రావచ్చు. దొంగ దర్జాగా నడిచిపోతుంటే ఇంటి యజమానిని సోదా చేసినట్టు.

దానికి విరుగుడుగా ఏఐ డిటెక్టర్లు వచ్చాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరి 31న ఒక డిటెక్టర్ విడుదల చేసింది. యంత్రం రాసిన వాటిలో అది పట్టుకున్నది 26 శాతం. మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని యంత్రానివంది. కచ్చితత్వం చాలదని జులైలో దాన్ని మూసేసింది. కుండ చేసినవాడే కుండ పగుళ్లు చెప్పలేకపోయాడన్న మాట. మరి దాని మీద ఆధారపడి ఫలానా విద్యార్థి దొంగ అని మనమెలా తేలుస్తాం?

ఇందులో మనవాళ్లకు సూటిగా తగిలే అంశం ఒకటుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. అవన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతాన్ని డిటెక్టర్లు యంత్రం రాతగా ముద్ర వేశాయి. ఏడింటిలో కనీసం ఒక్క డిటెక్టరైనా వేలెత్తి చూపిన వ్యాసాలు 91లో 89. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం అవే డిటెక్టర్లు దాదాపు తప్పు చేయలేదు. కారణం అంతుబట్టనిది కాదు. తర్వాతి మాట ఏదొస్తుందో సులువుగా ఊహించగలిగితే అది యంత్రానిదని అవి అనుకుంటాయి. నేర్చుకున్న భాషలో రాసేవాడు తెలిసిన మాటలతో, తెలిసిన వాక్యాలతో జాగ్రత్తగా నడుస్తాడు, తప్పు పోతుందేమోనని. ఆ జాగ్రత్తే నేరమైంది. అన్నిటికన్నా వింత చూడండి. ఆ వ్యాసాల్లోని పదాలను ఇంకాస్త గొప్పగా మార్చమని చాట్‌జీపీటీకే ఇచ్చి, మళ్లీ పరీక్షిస్తే తప్పుడు ముద్రలు దాదాపు 12 శాతానికి పడిపోయాయి. యంత్రం ముట్టుకున్నాకే అవి మనుషులు రాసినట్టు తేలాయి!

2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వాళ్లలో తెలుగువాళ్ల సంఖ్య ఎంత పెద్దదో శంషాబాద్ విమానాశ్రయంలో ఆగస్టు రాత్రులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్కడ అకడమిక్ ఇంటెగ్రిటీ విచారణలో సస్పెన్షన్ పడితే పోయేది మార్కులు కాదు, ఎఫ్‌-1 విద్యార్థి వీసా హోదాకే ఎసరు. అప్పు చేసి పంపిన ఇంటికి అదెంత దెబ్బో వేరే చెప్పాలా! వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో తన దగ్గరున్న ఏఐ డిటెక్టర్‌ను కట్టేయడానికి చెప్పిన లెక్క మన రిజిస్ట్రార్లు బల్ల మీద పెట్టుకోదగ్గది. ముందు ఏడాది తమ విద్యార్థులు ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన పత్రాలు 75,000. కంపెనీ చెప్పిన ఒక్క శాతం పొరపాటునే నమ్మినా 750 పత్రాల మీద తప్పుడు నింద పడుతుంది.

మన దేశంలోనూ కోర్టు దాకా వెళ్లిన కేసుంది. హర్యానాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎల్‌ఎల్‌ఎం విద్యార్థి జవాబు పత్రం 88 శాతం ఏఐ రాసిందంటూ ఫెయిల్ చేశారు. 2024లో అతను పంజాబ్–హర్యానా హైకోర్టుకెక్కాడు. విశ్వవిద్యాలయం అతన్ని పాస్ చేసినట్టు చెప్పడంతో కేసు ముగిసింది. డిటెక్టర్ ఇచ్చిన అంకె సాక్ష్యమవుతుందా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. అది మళ్లీ ఏదో ఒక హైకోర్టు గడప తొక్కక మానదు.

ఎద్దు ఈనిందంటే...

చాట్‌బాట్ గ్రంథాలయం కాదు. పుస్తకం తీసి చూసి చెప్పే గుమాస్తా కూడా కాదు. ఇంతదాకా వచ్చిన మాటల తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. కాబట్టి రిఫరెన్సులు కావాలంటే రిఫరెన్సులాగా కనిపించేది ఇస్తుంది: పేరున్న ప్రొఫెసర్, నమ్మదగ్గ పత్రిక, సంపుటి, పేజీ సంఖ్య. అలాంటి వ్యాసం భూమ్మీద ఉండకపోవచ్చు. ఈమధ్యవి ఇంటర్నెట్‌లో వెతికి లంకెలు కూడా ఇస్తున్నాయి, జబ్బు తగ్గింది గాని పోలేదు. లంకె నిజమైనదై ఉండి, అందులో ఆ మాట లేకపోవడమూ ఉంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఇది. అడిగినవాడు ఏ నమ్మకంతో అడిగాడో ఆ నమ్మకానికి తగ్గ దూడను తెచ్చి కడుతుంది.

న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టులో దాఖలు చేసి, 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా కట్టారు. తప్పు యంత్రానిదని వాళ్లు తప్పించుకోలేకపోయారు, సంతకం వాళ్లది. ప్రసిద్ధ శాస్త్ర పత్రిక నేచర్ 2023 జనవరిలోనే ఇదే మాటను తన రంగానికి వర్తింపజేసింది: చాట్‌బాట్ పేరు రచయితగా వేయడానికి వీల్లేదు, ఎందుకంటే రచయిత అంటే తన రచనకు బాధ్యత వహించేవాడు, యంత్రం అది చేయలేదు. ఏ పనికి వాడారో మాత్రం పత్రంలో చెప్పాలి. మన థీసిస్‌లలో గైడ్ సర్టిఫికెట్, విద్యార్థి డిక్లరేషన్ అంటూ రెండు పేజీలు ఎలాగూ ఉంటాయి. ఎవరూ చదవని ఆ డిక్లరేషన్‌లో నాలుగు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది: ఏ చాట్‌బాట్, ఏ అధ్యాయంలో, ఏ పనికి వాడాను, దాన్ని ఎలా సరిచూసుకున్నాను. ఒప్పుకున్నందుకు మార్కులు కోయకూడదు. కోస్తే మర్నాటి నుంచి ఎవడూ ఒప్పుకోడు.

థీసిస్ గ్రాంథికం

పరిశోధకులు అడగని ఒక ప్రశ్న నన్ను తొలుస్తుంటుంది. పిల్లలు రాయలేక యంత్రం దగ్గరికి వెళ్తున్నారా, మనం రాయమంటున్న భాష ఎవరిదీ కాకపోవడం వల్ల వెళ్తున్నారా? 1910ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో స్కూలు ఫైనల్ పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న దాని మీద పెద్ద యుద్ధమే నడిచింది. ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో రాయమంటే పిల్లవాడు ఆలోచన మానేసి పదబంధాలు వల్లెవేస్తాడని గిడుగు రామమూర్తి పోరు. నేటి మన సెమినార్ పేపర్ ఇంగ్లీషు చూడండి, అదే గ్రాంథికం మరో వేషంలో. ప్రతి పేపరూ నేటి వేగవంతమైన ప్రపంచంతో మొదలై బహుముఖ సవాళ్ల మీదుగా సమగ్ర దృక్పథం దగ్గర ముగుస్తుంది. అలాంటి ఇంగ్లీషును ఉత్పత్తి చేయడంలో చాట్‌బాట్‌ను మించింది లేదు. ఈ వరస మనకే పరిమితం కాదు. వైద్య పరిశోధనల సంగ్రహాలను కోటిన్నరకు పైగా జల్లెడ పట్టిన ఒక అధ్యయనం, కొన్ని అలంకార పదాలు చాట్‌జీపీటీ వచ్చాక హఠాత్తుగా పెరగడాన్ని బట్టి, 2024 నాటి సంగ్రహాల్లో కనీసం 13.5 శాతం మీద యంత్రం చెయ్యి పడిందని లెక్క తేల్చింది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అలా ఉంటే డిగ్రీ రెండో ఏడాది పిల్లవాణ్ని ఏమనగలం?

తెలుగులో రాస్తే ఈ సమస్య ఉండదా అంటే, ఇంకో రకంగా ఉంటుంది. ఈ యంత్రాలు పాఠాన్ని ముక్కలు చేసుకుని చదువుతాయి. 2024 మేలో ఓపెన్ఏఐ కొత్త మోడల్‌ను తెచ్చినప్పుడు ఒకే పలకరింపును వివిధ భాషల్లో ముక్కలు చేసి చూపింది. తెలుగులో పాత పద్ధతిలో 159 ముక్కలయ్యేది కొత్త పద్ధతిలో 45కు తగ్గింది. ఇంగ్లీషులో అదే పలకరింపు 24 ముక్కలు. మెరుగైంది, సందేహం లేదు. కానీ అది చదివి పెరిగిన తెలుగు పాఠం ఇంగ్లీషుతో పోలిస్తే పిడికెడు. అందుకే అది రాసే తెలుగులో కర్మణి వాక్యాలు బారులు తీరతాయి, మాటలు తెలుగువైనా నడక ఇంగ్లీషుది. తెలుగు ఎంఏ విద్యార్థి దీన్ని నమూనాగా తీసుకుంటే పోయేది మార్కులు కాదు, చెవి.

అసైన్‌మెంటునే మార్చుకుంటే దారి కొంత తేలికవుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి వ్యవసాయ పదాలది, 1971 నాటి రెండో సంపుటి చేనేత పదాలది. ఆ మాటలు ఊళ్లు తిరిగి, రైతుల్నీ నేతగాళ్లనూ అడిగి సేకరించినవి. భూదాన్ పోచంపల్లిలోనో మంగళగిరిలోనో డిగ్రీ చదివే కుర్రాడికి 'చేనేత సంక్షోభం – పరిష్కారాలు' అని వ్యాసం ఇస్తే అరనిమిషంలో ఫోన్ ఇచ్చేస్తుంది. అదే కుర్రాణ్ని, ఆ రెండో సంపుటిలోంచి ముప్పై మాటలు తీసుకుని, ఇవాళ మీ వీధి మగ్గాల దగ్గర వాటిలో ఎన్ని బతికున్నాయో అడిగి రాసుకు రమ్మంటే? ఆ తర్వాత ఇంగ్లీషు దిద్దుకోవడానికి ఏ చాట్‌బాట్ వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. మగ్గం గుంట దగ్గరికి వెళ్లింది వాడే. సిడ్నీ విశ్వవిద్యాలయం 2025 నుంచి పరీక్షలను రెండు దారులుగా విడదీసింది: కాపలా ఉన్న గదిలో రాసేవి, ఏఐ వాడుకునే స్వేచ్ఛతో బయట చేసేవి. మనకు పరీక్ష హాలు ఎటూ ఉంది. లేనిది రెండో దారికి తగ్గ ప్రశ్నలు.

పాఠశాలల మాట వేరు. యునెస్కో 2023 సెప్టెంబరు మార్గదర్శకాలు తరగతి గదిలో ఈ సాధనాలకు కనీసం 13 ఏళ్ల వయసు ఉండాలన్నాయి. వాక్యం నిలబెట్టడం ఇంకా రాని పిల్లవాడికి వాక్యం దిద్దే యంత్రమెందుకు? ఇందులో చర్చకు పెద్దగా చోటు లేదనుకుంటాను.

మళ్లీ వైవా గదికి వద్దాం. వైవాకు సాఫ్ట్‌వేర్ చందా కట్టనక్కర్లేదు. 'ఈ పేరా నీ మాటల్లో చెప్పు', 'ఈ లెక్క ఎక్కడిది', 'ఈ పుస్తకంలో నీకు నచ్చనిదేమిటి', 'మొదటి డ్రాఫ్టులో ఏముండేది, ఎందుకు తీసేశావు' అని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. తెలుగులో జవాబు చెప్పినా ఒప్పుకోవాలి. పరీక్షిస్తున్నది విషయం, ఇంగ్లీషు కాదు. యంత్రం సాయం ఎంత తీసుకున్నా, చదివినవాడు తడుముకుంటూనైనా చెబుతాడు. కొన్నవాడు, రాయించుకున్నవాడు, ఫోన్లో దింపుకున్నవాడు ముగ్గురూ ఒకే చోట ఆగిపోతారు. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ రోజు ఏం మార్చారో చరిత్ర దానంతటదే ఉంటుంది, అనుమానం వచ్చినప్పుడు విద్యార్థే తనకు సాక్ష్యంగా దాన్ని చూపించుకోవచ్చు. మాటలు తడబడే పిల్లలూ ఉంటారు, నిజమే. వాళ్లకు ముందే ప్రశ్నలిచ్చి అరగంట గడువిస్తే సరి.

దీనికి అడ్డం ఎక్కడుందో లెక్క వేస్తే తెలుస్తుంది. అరవై మంది సెక్షన్. నలుగురేసి పదిహేను బ్యాచ్‌లు. బ్యాచ్‌కు ఇరవై నిమిషాలంటే ఐదు గంటల్లో పని పూర్తి, ఎక్స్‌టర్నల్ సాయంత్రం బస్సు అందుకోవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది దాదాపుగా అంతే, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. అలా కాకుండా ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి పదేసి నిమిషాలు అడిగితే పది గంటలు, అంటే రెండు రోజులు. డిటెక్టర్ల చందాలకు బడ్జెట్‌లో పద్దు రాసే విశ్వవిద్యాలయాలు ఆ రెండో రోజు టీఏ, డీఏ ఇవ్వడానికి ఏ పద్దు కింద ఫైలు కదుపుతాయో చూడాలి.